తుప్పు పట్టిన బేస్ గిటార్ స్ట్రింగ్స్‌ను ఇంట్లోనే శుభ్రం చేసుకోవడం: సముద్రపు గాలిలో వాయించేవాళ్ల కోసం

చెన్నైలో అసలు వానాకాలం అక్టోబర్‌లో మొదలై డిసెంబర్ దాకా ఉంటుంది. చర్చిల్లో క్రిస్మస్ క్యారల్స్ ప్రాక్టీసు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. నేనుండేది తిరువాన్మియూరులో, సముద్రానికి రెండు వీధుల ఇవతల. మా తెలుగు చర్చిలో బేస్ వాయిస్తాను. నవంబర్ వచ్చిందంటే మా కుర్రాళ్లలో ఎవరో ఒకరు బ్యాగు జిప్పు తీసి గిటార్ నా ముందు పెడతారు. పోయిన ఏడాది వచ్చిన పిల్లవాడైతే దాదాపు ఏడుపు ముఖంతో వచ్చాడు.

"అన్నా, రెండు వారాలు బయటికి తీయలేదంతే. చూడు, జి స్ట్రింగ్ అంతా ఎర్రగా అయిపోయింది. వేలు జరిపితే గీసుకుంటోంది. కొత్త సెట్టు అంటే రెండు వేల పైమాటే కదన్నా."

"కొనే సంగతి తర్వాత. ముందు విప్పి చూద్దాం రా," అన్నాను.

ఆ రెండు రోజుల్లో అతనితో కలిసి చేసిన పనినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నాలుగు స్ట్రింగ్స్‌లో (ఇ, ఎ, డి, జి) మూడు బతికాయి, జి బతకలేదు. ఏది శుభ్రం చేయాలో, ఏది ఎంత రుద్దినా లాభం లేదో ముందే తెలిస్తే మీకు శ్రమా మిగులుతుంది, డబ్బూ మిగులుతుంది.

మురికి వేరు, తుప్పు వేరు

బేస్ స్ట్రింగ్ ఒక్క తీగ కాదు. మధ్యలో గట్టి ఉక్కు తీగ ఉంటుంది. దాని మీద ఇంకో తీగను స్ప్రింగులా దగ్గర దగ్గరగా చుడతారు. మనలో ఎక్కువమంది వాడే రౌండ్‌వౌండ్ స్ట్రింగ్స్‌లో ఈ గుండ్రటి పై తీగ నికెల్ పూత పూసిన ఉక్కు, లేదంటే స్టెయిన్‌లెస్ స్టీల్. చుట్టుకీ చుట్టుకీ మధ్య సన్నటి గాడి ఉంటుంది. వేళ్ల జిడ్డు, చెమట, రాలిన చర్మం, ఫ్రెట్లు (మెడ మీది అడ్డ లోహపు కడ్డీలు) అరిగి వచ్చిన లోహపు పొడి అన్నీ చేరేది ఆ గాడిలోకే. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి, 3వ ఫ్రెట్ నుంచి 7వ ఫ్రెట్ మధ్య స్ట్రింగ్ అడుగు భాగాన్ని ఒకసారి చూడండి. గాడుల్లో కాటుక పూసినట్టు నల్లటి ముద్ద కనిపిస్తుంది. అదే స్ట్రింగ్‌ను బ్రిడ్జ్ దగ్గర, అంటే గిటార్ ఒంటి మీద స్ట్రింగ్ ఆనే చివర చూస్తే చుట్లు విడివిడిగా, తెల్లగా ఉంటాయి. మన వేళ్లు అక్కడిదాకా పోవు కదా.

ఇ స్ట్రింగ్‌ను ఎక్కడా నొక్కకుండా మీటితే సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. దాంతోపాటే 82, 123 ఇలా రెట్టింపులు, మూడింతలుగా ఇంకా పైపైన కూడా కంపిస్తుంది. కొత్త స్ట్రింగ్‌లో వినిపించే గంటలాంటి మోత ఆ పై కంపనాలదే. గాడిలో చేరిన ముద్ద ముందుగా మింగేసేది వాటినే. అందుకే పాత స్ట్రింగ్ దుప్పటి కప్పి మీటినట్టు దబ్ దబ్‌మంటుంది. ఆ ముద్ద అన్నిచోట్లా సమానంగా పట్టదు కాబట్టి స్ట్రింగ్ బరువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. నొక్కకుండా మీటితే ట్యూనర్‌లో పచ్చ లైటు వెలుగుతుంది, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కితే మాత్రం శృతి పక్కకు జరుగుతుంది.

తుప్పు సంగతి ఇలా కాదు. నికెల్ పూత చాలా పలచన. ఫ్రెట్‌కు ఒరుసుకున్న చోట అది అరిగిపోయి ఉక్కు బయటపడుతుంది. మన చెమటలో ఉప్పుంది, సముద్రపు గాలిలోనూ ఉప్పుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుని ఉక్కు మీద కంటికి కనపడని తడి పొరలా నిలబెడుతుంది. తుప్పు అక్కడ పుడుతుంది. మురికి బయటినుంచి వచ్చి అంటుకున్నది కాబట్టి కడిగితే వదులుతుంది. తుప్పు అలా కాదు, స్ట్రింగ్‌లోని లోహమే తుప్పుగా మారుతుంది. ఎంత గీకినా పోయిన లోహం తిరిగి రాదు, తుప్పు ముందుకు పోకుండా ఆపగలమంతే. స్పిరిట్ మురికిని తీస్తుంది, తుప్పును తీయదు. రాపిడి తుప్పును తీస్తుంది, గాడి లోపలి జిడ్డును తీయదు. ఈ తేడా తెలియకే చాలామంది తుప్పును స్పిరిట్‌లో నానబెట్టి, జిడ్డును స్క్రబ్బర్‌తో తోమి, ఫలితం లేదని వదిలేస్తారు.

విప్పకముందే చూడాల్సినవి

మీది ఏ రకం స్ట్రింగో ముందు తేల్చుకోండి. ఇక్కడ చెప్పేదంతా రౌండ్‌వౌండ్ వాటికి. పైన పలచటి ప్లాస్టిక్ పొర వేసిన కోటెడ్ స్ట్రింగ్స్‌ను నానబెట్టొద్దు, మరిగించొద్దు, రుద్దొద్దు. పొర లేస్తే నూలుపోగుల్లా వేలాడుతుంది. వాటికి పొడి గుడ్డ చాలు. నున్నటి ఫ్లాట్‌వౌండ్ వాటిని స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి వదిలేయండి. అసలు వాటికి పాతబడ్డ శబ్దమే అందం. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ బేస్ మీద ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్‌ను తెగితే తప్ప మార్చేవాడు కాదు.

ఇక రౌండ్‌వౌండ్ అయితే స్ట్రింగ్ కింద గోరు పెట్టి నట్ (పెగ్గుల వైపు మెడ చివర స్ట్రింగ్ ఆనే పట్టీ) నుంచి మెల్లగా జరుపుకుంటూ రండి. ఫ్రెట్ తగిలే చోట గోటికి చిన్న గుంట తగిలిందా? ఒకటి రెండు చోట్ల కొద్దిగా తగిలితే ఫరవాలేదు. ప్రతి ఫ్రెట్ దగ్గరా లోతుగా తగిలితే మాత్రం ఆ స్ట్రింగ్ ఎంత కడిగినా శృతిలో నిలవదు. తుప్పు మచ్చ మీద బొటనవేలితో గట్టిగా రుద్దండి. ఎర్రటి మరక వేలికి అంటి, కింద తెల్లటి లోహం కనిపిస్తే అది పైపై తుప్పు. రుద్దినా అక్కడ నల్లటి చుక్కలు, గుంటలు మిగిలితే లోతుకు దిగినట్టే.

సామాను

ముఖ్యమైనది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. నేను ఉత్తగా స్పిరిట్ అన్నచోటల్లా ఇదే. ఎలక్ట్రానిక్స్ రిపేరువాళ్లు సర్క్యూట్ బోర్డులు తుడవడానికి వాడేది ఇదే, అందుకని చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌లో అడిగితే దొరుకుతుంది. లీటరు సీసా ఒకటి తీసుకోండి. మెడికల్ షాపులో దొరికే 70 శాతం దాంట్లో మిగతాది నీళ్లు, తుడవడానికి పనికొస్తుంది గాని నానబెట్టడానికి వద్దు. సర్జికల్ స్పిరిట్‌లో నూనెలాంటివి కలిపే అవకాశం ఉంది, ఆరాక పొర మిగులుతుంది. వడ్రంగులు పాలిష్‌కు వాడే స్పిరిట్‌లో మిథనాల్ ఉంటుంది. అది విషం, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. థిన్నర్, నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ అయితే గిటార్ ఉన్న గదిలోకే తేవద్దు.

హార్డ్‌వేర్ షాపులో ఒక అంగుళం పీవీసీ పైపు నాలుగు అడుగుల ముక్క కోయించుకోండి. ఒక చివర మూత సొల్యూషన్‌తో అతికించి ఒక రోజు ఆరనివ్వండి. రెండో చివరకు మరతో బిగించే మూత ఉండాలి. స్ట్రింగ్ మొత్తం పొడవు సుమారు 45 అంగుళాలు కాబట్టి మడత లేకుండా నిలువుగా దిగుతుంది. లీటరు సీసాలో ఉన్నదాంతో పైపు నిండిపోతుంది. పైపు లేకపోతే మూత గట్టిగా పట్టే వెడల్పాటి గాజు సీసా వాడొచ్చు. కాకపోతే స్ట్రింగ్‌ను కొత్తప్పుడు కవర్లో వచ్చిన చుట్ట కంటే చిన్నగా చుట్టొద్దు, ఆ సీసాను మళ్లీ పచ్చడికి వాడొద్దు.

ఇవి కాక పాత టూత్‌బ్రష్, నూలు బనీను గుడ్డలు, గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ చిన్న ముక్క, రబ్బరు గ్లౌజులు, హెయిర్ డ్రయర్, ఒక క్యాన్ వాటర్.

క్యాన్ వాటర్ ఎందుకంటారేమో. మా ఏరియాలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. గిన్నెలో ఆరితే తెల్లటి మచ్చ పడుతుంది. నేను మొదటిసారి స్ట్రింగ్స్‌ను ఆ నీళ్లలోనే మరిగించి కిటికీ ఊచలకు వేలాడదీశాను. తెల్లారేసరికి అంతకుముందు తుప్పు లేని చోట కూడా నారింజ రంగు తిరిగింది. ఉప్పు వదిలించుకోవాలని కూర్చుని ఉప్పు నీళ్లే పట్టించాను. స్ట్రింగ్‌కు తగిలే ప్రతి చుక్కా క్యాన్ నీళ్లో, ఆర్వో నీళ్లో కావాలి.

విప్పడం

నాలుగు స్ట్రింగ్స్ కలిసి గిటార్ మెడను 70–80 కిలోల బలంతో లాగుతుంటాయి. ఒకేసారి ఒకటి పూర్తిగా వదిలేయకుండా, నాలుగింటినీ కొంచెం కొంచెంగా వరుసన వదులు చేస్తూ రండి. కట్టర్‌తో కత్తిరించొద్దు, మళ్లీ ఎక్కించాల్సినవి కదా. పెగ్గుకు (శృతి చేయడానికి తిప్పే మేకుకు) చుట్టుకున్న చోట స్ట్రింగ్ వంపు తిరిగి గట్టిపడి ఉంటుంది. దాన్ని నిటారుగా సాపు చేయొద్దు. స్ట్రింగ్ తెగేది ఎక్కువగా అక్కడే, అలా వంచి సాపు చేసినప్పుడే. ఆ వంపు అలాగే ఉంచితే తిరిగి ఎక్కించేటప్పుడు అదే పెగ్గులో అదే తీరున కూర్చుంటుంది.

విప్పేటప్పుడు స్ట్రింగ్ మెలి తిరగకూడదు. మెలి పడితే పై చుట్లు వదులై మోతలో జీర వస్తుంది.

స్ట్రింగ్స్ లేని ఆ ఒకటి రెండు రోజుల్లో ఫ్రెట్‌బోర్డును పొడి బ్రష్‌తో దులిపి గుడ్డతో తుడవండి. ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి ఉక్కు కడ్డీని) ముట్టుకోవద్దు.

నానబెట్టడం

ముందు ఒక్కో స్ట్రింగ్‌ను పొడి గుడ్డలో పట్టుకుని బాల్ (బ్రిడ్జ్‌లో తగులుకునే చిన్న లోహపు రింగు) ఉన్న చివర నుంచి ఈ చివరకు నాలుగైదుసార్లు లాగండి. గుడ్డ మీద పడే నల్లటి చారలు చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. ఇలా పైపైది పోతే స్పిరిట్ గాడి లోపలిదాకా పనిచేస్తుంది.

తర్వాత పైపును మూలకు నిలబెట్టి, స్ట్రింగ్స్ దించి, స్పిరిట్ పోసి మూత బిగించండి. 24 గంటలు ఉంచండి. మధ్యలో మూడు నాలుగుసార్లు మూత బిగువు చూసుకుని పైపును తలకిందులు చేసి మెల్లగా కుదపండి. ఆల్కహాల్ జిడ్డును కరిగిస్తుంది. జిడ్డుతో అతుక్కుని ఉన్న పొడి విడిపోయి కిందికి దిగుతుంది. ఈ కుదుపు లేకపోతే విడిపోయిన పొడి గాడిలోనే కూర్చుంటుంది, అందుకని బద్ధకించొద్దు.

జాగ్రత్త విషయం ఇక్కడే గట్టిగా చెప్పాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి దాదాపు 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. చెన్నైలో చలికాలపు తెల్లవారుజామున కూడా అంత చల్లగా ఉండదు. అంటే ఇక్కడ ఏ వేళలోనైనా మంటకు అది సిద్ధంగా ఉన్నట్టే. గ్యాస్ స్టవ్, దీపం, అగరుబత్తి, దోమల చక్రం ఉన్న గదిలో ఈ పని వద్దు. బాల్కనీలో పోయండి, అక్కడే తీయండి. పైపును పిల్లలకు అందని చోట, ఎండ తగలని చోట పెట్టండి. స్పిరిట్‌ను పొయ్యి మీద వేడి చేస్తే ఇంకా బాగా పనిచేస్తుందని ఎవరైనా చెబితే అస్సలు వినొద్దు.

మర్నాడు గ్లౌజులు వేసుకుని బయటికి తీయండి. తడి ఆరకముందే టూత్‌బ్రష్‌తో తోమండి. స్ట్రింగ్‌ను వేళ్ల మధ్య కొద్దికొద్దిగా దొర్లిస్తూ చుట్టూ తోమాలి. తర్వాత శుభ్రమైన స్పిరిట్ కొంచెం పోసి కడిగి, పొడి గుడ్డతో లాగేయండి. గుడ్డ మీద నల్లచార పడకుండా పోయేదాకా లాగాలి. పైపులోని స్పిరిట్ కాఫీ డికాషన్ రంగులోకి మారి ఉంటుంది. కాసేపు కదపకుండా ఉంచి, పైన తేరుకున్నదాన్ని నూలు గుడ్డలో వడగట్టి దాచుకుంటే ఇంకో రెండు మూడు సెట్లకు వస్తుంది.

సాయంత్రమే ప్రోగ్రాం ఉంటే: వేడి నీళ్లు

ఒక రోజంతా ఆగే వీలు లేనప్పుడు ఇదే దారి. వంటకు వాడని పాత గిన్నెలో క్యాన్ నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, స్ట్రింగ్స్‌ను వదులుగా చుట్టి పది నిమిషాలు మరిగించండి. పైన తెట్టులా నురగ తేలుతుంది. తీసి, సబ్బు పోయేదాకా వేరే వేడి నీళ్లలో కడగండి. చివర్లలో రంగు దారం ఉంటే అది వెలిసిపోతుంది, దానివల్ల మోతకు నష్టమేమీ లేదు.

దీనితో వచ్చే మెరుపు కొద్ది రోజులే. నీళ్లు పై చుట్టుకీ మధ్య తీగకూ నడుమకు కూడా దిగుతాయి, అక్కడి నుంచి బయటికి రావడం కష్టం. ఒకే స్ట్రింగ్‌ను మళ్లీ మళ్లీ మరిగిస్తే లోపలి తీగ తుప్పు పట్టడం ఖాయం. అందుకే నా ఓటు స్పిరిట్‌కే.

తుప్పు మచ్చల పని

జిడ్డు పోయాక ఎర్ర మచ్చలు ఇంకా స్పష్టంగా కనబడతాయి. భయపడొద్దు. ఒక చెక్క పలక మీద మేకు కొట్టి, బాల్ రంధ్రాన్ని దానికి తగిలించి, రెండో చివర ఎడమచేత్తో బిగువుగా పట్టుకోండి. ఆకుపచ్చ స్క్రబ్బర్ ముక్కను స్ట్రింగ్ చుట్టూ మడిచి, మచ్చ ఉన్న రెండు మూడు అంగుళాల మేర పొడవునా ముందుకూ వెనక్కూ లాగండి. ఎర్రపొడి రాలడం ఆగగానే మీరూ ఆపేయండి. ఇంకా రుద్దితే పోయేది తుప్పు కాదు, మిగిలిన నికెల్ పూత.

స్టీల్ ఊల్ (ఇనుప పీచు) వాడేవాళ్లున్నారు. నేనైతే వద్దంటాను. దాని సన్నటి రజను ఎగిరి పికప్ (స్ట్రింగ్ కంపనాన్ని పట్టే భాగం) అయస్కాంతాలకు అతుక్కుంటే తీయడం పెద్ద తలనొప్పి. ఏది వాడినా ఈ పని గిటార్‌కు దూరంగా, వేరే గదిలో చేయండి.

మన ఇళ్లలో రాగి, ఇత్తడి అనగానే చెయ్యి చింతపండు మీదకి పోతుంది. ఇక్కడ అది పనికిరాదు. పులుపు రాగి చిలుమును తీసినట్టే తుప్పునూ కరిగిస్తుంది, నిజమే. కానీ గాడుల్లోకి దిగిన చింతపండు రసం కడిగినా పోదు, ఉక్కును తింటూనే ఉంటుంది. మొండి మచ్చ ఒకటి రెండు ఉంటే, తెల్ల వెనిగర్‌లో తడిపిన దూదిని ఆ మచ్చ మీద మాత్రమే ఐదు నిమిషాలు ఉంచండి. వెంటనే గ్లాసు నీళ్లలో చెంచా వంట సోడా కలిపి దాంతో తుడవండి. తర్వాత క్యాన్ నీళ్లు, ఆ తర్వాత స్పిరిట్. మొత్తం స్ట్రింగ్‌ను వెనిగర్‌లో నానబెట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

ఆరబెట్టడం

చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే, పని చెడేదీ ఇక్కడే. నీళ్లు తగిలిన ప్రతి స్ట్రింగ్‌ను చివరగా 99 శాతం స్పిరిట్‌లో ముంచి తీయాలి. ఆల్కహాల్ నీటితో పూర్తిగా కలిసిపోతుంది. గాడుల్లో మిగిలిన నీటిని తనలో కలుపుకుని, రెండూ కలిసి త్వరగా ఆవిరైపోతాయి. నీరు ఒక్కటే అయితే గంటల తరబడి లోపలే ఉంటుంది.

ఎండ ఉంటే మేడ మీద శుభ్రమైన గుడ్డ పరిచి గంటసేపు వేయండి. వానాకాలం అయితే బయట ఆరేయడం అనవసరం, గాలిలోనే తడి ఉంటుంది. గదిలో ఫ్యాను కింద పెట్టి, స్పిరిట్ వాసన పూర్తిగా పోయిందని నిశ్చయించుకున్నాకే హెయిర్ డ్రయర్ పెట్టండి. వాసన ఉండగా డ్రయర్ స్విచ్ వేయొద్దు, లోపలి వేడి కాయిల్‌కు ఆవిరి అంటుకుంటుంది. స్ట్రింగ్ మొత్తం చేతికి వెచ్చగా తగిలేదాకా డ్రయర్ జరుపుతూ పోండి.

ఆరాక తుప్పు రాకుండా కొబ్బరి నూనె రాస్తుంటారు కొందరు. నూనె గాడిలో చేరి దుమ్మును పట్టుకుంటుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే నల్లముద్ద. రౌండ్‌వౌండ్ స్ట్రింగ్స్‌కు ఏ నూనే వద్దు.

మళ్లీ ఎక్కించడం

బ్రిడ్జ్ సాడిల్స్‌లో (స్ట్రింగ్ ఆనే చిన్న దిమ్మల్లో) పేరుకున్న తుప్పు పొడిని బ్రష్‌తో దులిపి, అప్పుడు స్ట్రింగ్స్ ఎక్కించండి. పాత వంపు పెగ్గు రంధ్రంలో కుదురుగా కూర్చునేలా చూసి, చుట్లు పైనుంచి కిందికి వరుసగా పడేలా తిప్పండి. మెలి పడలేదని చూసుకోండి. నాలుగింటినీ విప్పినట్టే కొంచెం కొంచెంగా బిగిస్తూ శృతికి తెండి. మెడ మళ్లీ ఆ లాగుడుకు సర్దుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి శృతి కాసేపు జారుతూనే ఉంటుంది. మర్నాడు మరోసారి శృతి చేసి, 12వ ఫ్రెట్ దగ్గర తేలిగ్గా తాకి తీసిన హార్మోనిక్‌నూ, అదే ఫ్రెట్ నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చి చూడండి. ఇంతకుముందు కలిసేవి ఇప్పుడు కలవకపోతే, వెంటనే సాడిల్‌ను జరపకండి. ముందు ఆ స్ట్రింగ్‌నే అనుమానించండి.

పిల్లవాడి జి స్ట్రింగ్ దగ్గర మేం ఆగిపోయింది దానికంటే ముందే. స్పిరిట్‌లో నానింది, స్క్రబ్బర్ పెట్టాం, పైకి తెల్లగానే వచ్చింది. తెల్ల కాగితం మీద పట్టుకుని కొద్దిగా వంచి చూడమన్నాను. చుట్లు విచ్చుకున్న చోట నుంచి పసుపు చల్లినట్టు ఎర్రపొడి కాగితం మీద రాలింది. మళ్లీ వంచితే మళ్లీ రాలింది. అంటే లోపలి తీగే తుప్పు పడుతోంది. అలాంటిది శృతి చేసేటప్పుడు తెగి ముఖం మీదికి లేవొచ్చు. పక్కన పెట్టేశాం. నా దగ్గర పాత సెట్టులోది అదే సైజు జి ఒకటుంటే శుభ్రం చేసి ఇచ్చాను.

వాయించాక రెండు నిమిషాలు

వాయించే ముందు చేతులు కడుక్కోండి. అయ్యాక గుడ్డను స్ట్రింగ్ కిందికి కూడా పోనిచ్చి, చిటికెలో పట్టినట్టు పట్టుకుని నట్ నుంచి బ్రిడ్జ్ దాకా లాగండి. బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు వేయండి. ఏసీ హాల్లో వాయించి నేరుగా బయటికి వస్తే చల్లబడ్డ లోహం మీద బయటి తేమ నీటిచుక్కలై పేరుకుంటుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు పట్టినట్టే. అందుకని హాల్లోనే గిటార్‌ను బ్యాగులో పెట్టి జిప్పు వేయండి. ఇంటికి వచ్చాక అరగంట ఆగి తీసి, మరోసారి తుడవండి.

శుభ్రం చేసిన ప్రతిసారీ ఒక చిన్న చీటీ మీద తేదీ, ఏ స్ట్రింగో రాసి బ్యాగు జేబులో పెట్టుకోవడం నా అలవాటు. ఒకే స్ట్రింగ్ పేరు మూడోసారి రాయాల్సి వస్తే ఇక నానబెట్టను, కొత్త సెట్టే కొంటాను. ఆ పిల్లవాడి బ్యాగులోనూ ఇప్పుడు అలాంటి చీటీ ఉంది. ఇ, ఎ, డి ఒక్కోసారి పడ్డాయి.